పురిటిగదిలో సూతకము లేదు. మరి విశ్రాంతి మాటేమి?



గత సంవత్సరము బసవ జయంతి సభలో పంచసూతక నిరసనమును గూర్చి నేను ముప్పావు గంట ప్రసంగించితిని. సభికులు శ్రద్ధతో వినిరి. నాకును నా ప్రసంగము బాగుగనే యున్నట్లు తోచెను. సభ ముగిసి ప్రసాద వినియోగము జరుగుచుండగా, చంటిబిడ్డను భుజమున వేసికొనిన యొక యువతి నా చెంతకు వచ్చి, శరణార్థి చెప్పి, మెల్లగా ఇట్లడిగినది: "సారూ, మనకు సూతకం లేదని చెప్పినారు. మంచిదే. ఆ మాటే చెప్పి మా అత్తగారు మూడో నాడు నన్ను పొయ్యి దగ్గర కూర్చోబెట్టినారు. మా పక్కింటి పిల్ల మన మతం కాదు. వాళ్ళకు మైల ఉన్నది. ఆ పిల్ల పదకొండు దినాలు మంచం దిగలేదు. మా ఇద్దరిలో ఎవరి ధర్మం మంచిదో మీరే చెప్పండి."

నాకు సమాధానము తోచలేదు. తోచకపోవుటకు వేరొక కారణము కూడ కలదు. దానిని కొంత దూరము పోయిన పిమ్మట చెప్పెదను. ఇల్లు చేరి ఆలోచింపగా, ఆమె అడిగినది అత్తాకోడండ్ర తగవు కాదనియు, మన మతమునకే వేసిన ప్రశ్న యనియు తెలిసినది. ఒక దురాచారమును తొలగించిన ధర్మము, ఆ దురాచారము చాటున దాగిన ఉపకారమును కూడ దానితోపాటు పారవైచినచో, ఆ లోటును పూడ్చు బాధ్యత ఎవరిది?

మొదట మాటను పరిశీలింతము. పండిత శిక్షణలో నేర్చిన వ్యాకరణము ఇట్టిచోట కొంత అక్కరకు వచ్చును. సంస్కృతమున 'సూ' అను ధాతువునకు కనుట యని యర్థము. ప్రసవము, ప్రసూతి, సూతిక, సూతకము: ఇవి యన్నియు ఆ తల్లి బిడ్డలే. సూతకమనగా మొదట పుట్టుక యనియే యర్థము. అంటు అను భావము దానికి తరువాత తగులుకొనినది. ఆ భావమెంత బలపడెననగా, తుదకు చావునందలి మైలకు కూడ ఆ పేరే పెట్టి మృతసూతకమనిరి. కనుట యను మాటతో చావును చెప్పవలసి వచ్చెను! తెనుగున 'పురుడు' అను మాటకును ఇదే గతి పట్టినది. పురుడు పోయుట యనగా కాన్పు చేయుట. పురుడు వచ్చినదనగా ఆ వంశము వారందరికి మైల వచ్చినదని. ఒక్క మాటలో ఆనందమును అంటును ఇమిడ్చి మన పూర్వులు మనకు ఒప్పగించిరి.

శరణులు ఈ ముడిని విప్పిరి. జాతి, జననము, మరణము, రజస్సు, ఉచ్ఛిష్టము అను ఐదింటియందును సూతకము లేదని వారు చాటిరి. కారణము సుస్పష్టము. ఇష్టలింగమును ధరించిన అంగము లింగమునకు నిలయము. లింగమున్నచోట అశుచి యున్నదనుట లింగమును శంకించుటయే. బసవాది ప్రమథుల మార్గము వారును, పంచాచార్య పరంపర వారును అనేక విషయములలో భిన్నాభిప్రాయులైనను, ఇందు ఏకాభిప్రాయులే. లింగార్చనాసక్తయైన స్త్రీకి ఋతుకాలమునను ప్రసవమునను సూతకము లేదని సిద్ధాంతశిఖామణి స్పష్టముగ చెప్పుచున్నది. ఇంతియే కాదు, ఎనిమిదవ మాసమున గర్భస్థ శిశువునకు లింగధారణము చేయు ఆచారము మనకు గలదు. గర్భముననే లింగసంబంధము పొందిన శిశువు, భూమిమీద పడినంతనే తల్లికి అంటు తెచ్చునని చెప్పుట ఎంతటి వైరుధ్యము!

సిద్ధాంతమిట్లుండగా మన యిండ్లలో జరుగుచున్నదేమి? రెండు విధములైన తప్పులు జరుగుచున్నవి. మొదటిది అందరికి తెలిసినదే. ఇరుగుపొరుగు ఆచారములను చూచి మనవారును బాలింతను వెనుక గదిలోనో, పశువుల కొట్టమునకు ఆనుకొనిన వసారాలోనో ఉంచుట. వేరు పళ్ళెము, వేరు చెంబు పెట్టుట. పదునొకండవ దినమున ఇల్లు కడిగి శుద్ధి చేయుట. కొన్ని యిండ్లలో ఇంతకంటె ఘోరము చూచితిని. బాలింత మెడనుండి ఇష్టలింగమును తీయించి, పూజగదిలో గూటియందుంచి, "పురుడు వెళ్ళినాక కట్టుకొందువుగాని" అనిరి. ప్రాణము పోయినను లింగమును వీడరాదని చెప్పుకొను మతమున, ప్రాణము పోసిన తల్లి మెడనుండి లింగమును తీయించితిమి! ఆ యిల్లాలు పదునొకండు దినములు మెడ తడుముకొనుచు గడపినదని ఆమె తల్లియే నాతో చెప్పినది. దీనిని గూర్చి ఇంతకంటె వ్రాయ పని లేదు. ఇది తప్పని చెప్పుటకు పండితుడు అక్కరలేదు.

రెండవ తప్పు దీనికంటె సూక్ష్మమైనది. పైకి సిద్ధాంతమువలె కనబడును. నేను ఆలస్యము చేసి చెప్పెదనన్న మాట ఇదియే. 1998లో మా ప్రథమ సంతానము కలిగినది. నేనప్పుడు ఉద్యోగమున క్రొత్తగా చేరినవాడను. వచనములను కంఠస్థము చేసి సభలలో చెప్పు ఉత్సాహము మిక్కుటముగ నుండెను. కాన్పు మా యింటనే జరిగినది. "మా యింట మైల లేదు, మడి లేదు; మేము బసవన్న బిడ్డలము" అని చూడవచ్చిన వారికెల్ల గర్వముగ చెప్పితిని. మా అవ్వ కూడ సంతోషించినది. అయిదవనాడు ఉదయమున నా భార్య బావినుండి నీళ్ళు తోడుచుండుట చూచితిని. "ఇప్పుడే ఎందుకు?" అంటిని. "మనకు మైల లేదు గదా నాయనా, కూర్చుంటే ఇంటి పని ఎట్లా?" అని మా అవ్వ యనినది. ఆమె మాటలో క్రౌర్యము లేదు. ఆమెయు తన కాన్పులలో అట్లే చేసినది. నేను సంచి భుజమున వేసికొని పాఠశాలకు పోతిని.

తొమ్మిదవనాడు చలిజ్వరము వచ్చినది. గర్భసంచికి దోషము సోకినదని, ఒంట రక్తము మిగుల తక్కువగ నున్నదని వైద్యురాలు చెప్పి, ఆస్పత్రిలో చేర్చుకొనెను. ఆమె నన్నడిగిన ప్రశ్న ఒక్కటే: "ఎన్ని దినములు పండుకొననిచ్చినారు?" నేను లెక్క చెప్పలేకపోతిని. నా భార్య బ్రతికినది, గురుకృప యనవలయును. కాని పాలు ఎండిపోయినవి. బిడ్డ మూడు మాసములు పోతపాలతోను విరేచనములతోను బాధపడినది. ఆ యువతి యడిగిన దినమున నేను నోరు మెదపలేకపోవుటకు కారణమిది.

ఇప్పుడు నిష్పక్షపాతముగ ఆలోచింతము. మైల పాటించు ఇండ్లలో బాలింతకు విశ్రాంతి దొరకినమాట నిజము. అది ప్రేమచేత దొరకినది కాదు, భయముచేత దొరకినది. ఆమె ముట్టినచో అన్నము చెడునని, దేవుడు చెడునని భయపడి అత్తగారు ఆమెను పొయ్యి దగ్గరకు రానీయలేదు. అవమానముతో కూడినదైనను, ఆ గోడ నీడనిచ్చినది. మనము గోడను పడగొట్టితిమి, మంచిపనియే. నీడను గూర్చి తలంపలేదు. అంటు లేదనుటకును అలసట లేదనుటకును ఎంత దూరము! సూతకము మనస్సు కల్పించినది; అలసట శరీరధర్మము. శరణులు మొదటిదానిని త్రోసిరి. రెండవదానిని త్రోయుమని ఎవ్వరును చెప్పలేదు.

బాలింతకు విశ్రాంతి ఇచ్చు పద్ధతి మైలనుండి పుట్టినది కాదని వైద్యశాస్త్రము చూచిన తెలియును. చరకసంహిత శారీరస్థానము ఎనిమిదవ అధ్యాయమున సూతికకు చేయవలసిన పరిచర్య కలదు. గర్భము పెరుగుటచే ధాతువులన్నియు క్షీణించి సడలియున్నవనియు, నొప్పులచేతను రక్తస్రావముచేతను ఆమె శూన్యశరీర యైనదనియు, అందువలన ఆమెకు వచ్చిన వ్యాధి కష్టసాధ్యమనియు అందు చెప్పబడినది. అశుచి యను మాట ఆ హేతువులలో లేదు. శూన్యశరీర! మన సంప్రదాయమున శూన్యమనునది ఎంతటి ఉన్నత పదమో పాఠకులకు తెలియును. అల్లమప్రభువు అధిష్ఠించినది శూన్యసింహాసనము. వైద్యుని శూన్యమునకును అనుభావి శూన్యమునకును సంబంధము లేదని నేనెరుగుదును. అయినను తనయందున్న దానినెల్ల మరొక ప్రాణికిచ్చి ఖాళీయైన శరీరమునకు ఆ పేరు పెట్టిన ఋషి యెడల నాకు గౌరవము కలుగుచున్నది.

ఆ శూన్యమును నింపు పద్ధతిని కూడ చరకుడు చెప్పెను. ఆకలినిబట్టి నేయియో నూనెయో పిప్పలి, మోడి, శొంఠి మొదలగువాని చూర్ణముతో ఇచ్చుట; పొట్టకు నేయి, నూనె పూసి, వాయువు చేరకుండ పెద్దవస్త్రముతో చుట్టుట; రెండుపూటల వేడినీటి స్నానము; పలుచని గంజితో ఆరంభించి మెల్లమెల్లగా పుష్టికరమైన ఆహారమునకు తెచ్చుట. సుశ్రుతుడు ఈ నియమమునకు నెలన్నర కాలము చెప్పెను. కాశ్యపసంహిత ఇంకొక అడుగు ముందుకు వేసి, దేశమును బట్టి పరిచర్య మారవలయునని చెప్పినది. తేమ నేలలో పనికివచ్చినది మెట్టసీమలో పనికిరాదు గదా. నేటి వైద్యులును ప్రసవానంతర కాలమును 6 వారములుగ, అనగా 42 దినములుగ లెక్కించుచున్నారు. ప్రసవము తరువాత 42 దినములలోపల ఆ కారణమున స్త్రీ మరణించినచో దానిని మాతృమరణముగ పరిగణింతురు. సుశ్రుతుని 45 దినములకును ఈ 42 దినములకును భేదము మూడు దినములే. మైల పాటించువారి 11 దినములు దేనికిని సరిపోవు. మైల వెళ్ళినదని పండ్రెండవనాడు పొయ్యి అంటింపజేసిన యిల్లును, మైల లేదని మూడవనాడు అంటింపజేసిన యిల్లును, రెండును ఆ తల్లికి బాకీ పడినవే.

మన అవ్వలు చదువుకొనకయే ఈ శాస్త్రమును చేతులలో ఉంచుకొనిరి. కాయము సంగతి చూడుడు. శొంఠి, పిప్పళ్ళు, మిరియాలు, వాము, జీలకర్ర దోరగ వేయించి దంచి, పాతబెల్లపు పాకములో నేయి పోసి కలిపి, ఉసిరికాయంత ఉండ చేసి తెల్లవారుజామున ఇచ్చెడివారు. దంచునపుడు ఆ ఘాటుకు ఇల్లంతయు తుమ్ములే. వీధిలో పోవువారు కూడ ఆ యింట బిడ్డ పుట్టినదని తెలిసికొనెడివారు. నువ్వులనూనె వెచ్చచేసి నడుముకు, పిక్కలకు మర్దనము చేసి, మర్దనము చేసిన చేతులే నీళ్ళు పోసెడివి. ఆ నీళ్ళు పోయుటలో ఒక నేర్పు కలదు: చెంబెత్తి నడుముమీద ధారగ పోయుట. పది దినములు మోసిన బిందెల బరువు కాదది, తొమ్మిది మాసములు మోసిన బరువు. అది ఆ ధారతో దిగునని చెప్పుదురు. స్నానము తరువాత నడికట్టు, తలకు గుడ్డ, చెవులలో దూది, ఒక నిద్ర. లేచినంతనే పాతబియ్యపు అన్నము, వెల్లుల్లి కారము, నేయి. తరువాత బీరకాయ, పొట్లకాయ, మెంతులు, మునగాకు. ఒక స్త్రీ తన జీవితమున ఇంకొకరి చేత అన్నము వడ్డింపించుకొని, ఇంకొకరి చేత నీళ్ళు పోయించుకొను దినములు ఎన్ని యుండును? బాల్యము పోగా ఇవియే.

అయితే అవ్వలు చేసినదెల్ల శాస్త్రమే యని చెప్పుటకు నేను సిద్ధముగ లేను. మంచిలో కొంత చెడుగు కలసియున్నది, దానిని ఏరివేయవలయును. బాలింతకు దాహమైనను నీరు ఈయకుండుట అందులో మొదటిది. పాలిచ్చు తల్లికి నీరు లేనిదే పాలెట్లు వచ్చును? ఒంటిపూట భోజనము పెట్టి పథ్యమనుట రెండవది; అది పథ్యము కాదు, పస్తు. తలుపులు బిగించిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుట ప్రాణాంతకము. ఆ బొగ్గువాయువు వాసన లేకుండనే చంపును. సాంబ్రాణి పొగ కూడ పసిబిడ్డ ఊపిరికి మంచిది కాదు. బిడ్డ ముక్కులలో చెవులలో నూనె పోయరాదు. ముర్రుపాలను చెడ్డపాలని పిండి పారబోయుటకంటె అజ్ఞానము వేరొకటి లేదు; పుట్టిన గంటలోపల బిడ్డకు పట్టవలసినవి అవియే, ఆరు మాసములు నిండువరకు తల్లిపాలే చాలును. తేనె, చక్కెరనీళ్ళు, ఆముదము ఏవియు వలదు. ఇచట మన యింటి విషయము ఒకటి చెప్పక తప్పదు. పుట్టిన బిడ్డకు లింగధారణము చేసి, విభూతి పూసి, పాదోదకమును నోట వేయు ఆచారము కలదు. పాదోదకమును నుదుట అద్దినను దీక్ష దీక్షయే యని నా అభిప్రాయము. మఠాధిపతులు ఈ విషయమున ఒక మాట చెప్పినచో ఎందరో తల్లులు ధైర్యపడుదురు. శస్త్రచికిత్సతో కాన్పు అయిన వారి విషయము వేరు. వారికి మర్దనము, నడికట్టు, వేడినీళ్ళు ఎప్పుడు ఆరంభింపవలయునో వైద్యురాలిని అడిగియే చేయవలయును. ఎక్కువగ రక్తము పోవుట, జ్వరము, తలనొప్పితో చూపు మసకబారుట, మూర్ఛ, పిక్కలో వాపు నొప్పి: వీనికి కాయము మందు కాదు, వెంటనే ఆస్పత్రికి పోవలయును. కారణము లేకయే ఏడ్చుచు, బిడ్డను చూడ నొల్లక, నిద్ర పట్టక యుండు తల్లిని గాలి సోకినదని మంత్రగాని యొద్దకు కొనిపోరాదు. అదియు వ్యాధియే, దానికిని వైద్యము కలదు.

శుచియను మాటను మైలనుండి విడదీసి చూపిన వైద్యుని కథ ఒకటి ఇచట జ్ఞప్తికి వచ్చుచున్నది. 1847లో వియన్నా నగరపు ఆస్పత్రిలో సెమ్మెల్‌వైస్ అను వైద్యుడుండెను. ఆ ఆస్పత్రిలో రెండు ప్రసూతి శాలలుండెను. మంత్రసానులు కాన్పు చేయు శాలలో మరణములు తక్కువ. వైద్యులు, వైద్యవిద్యార్థులు చేయు శాలలో బాలింత జ్వరముచే మరణములు మిక్కిలి ఎక్కువ. ఆ విద్యార్థులు శవములను కోసి పరీక్షించి, ఆ చేతులతోనే కాన్పులు చేయుచుండిరి. సున్నపు క్లోరిను కలిపిన నీటితో చేతులు కడుగుకొనుడని ఆయన కట్టడి చేసినంతనే మరణములు ఒక్కసారిగ తగ్గిపోయెను. తోటివారు ఆయనను మెచ్చలేదు. 1865లో పిచ్చాస్పత్రిలో ఆయన మరణించెను. ఈ కథ చదివినపుడెల్ల నాకొకటి తోచును. మలినము బాలింతయందు లేదు. ఆమెను ముట్టవచ్చిన చేతియందున్నది. మనము వేల సంవత్సరములు ఆమెను దూరముగ నుంచి, మన చేతులు కడుగుకొనుట మరచితిమి. బిడ్డను చూడవచ్చు బంధువులు సబ్బుతో చేతులు కడుగుకొని రావలయుననుట సూతకము కాదు, శుచి. ఈ భేదమును పిల్లలకు పాఠశాలలోనే చెప్పవలయును.

మంత్రసాని సంగతి చెప్పక ఈ విషయము పూర్తికాదు. మన పల్లెలలో పురుడు పోసిన స్త్రీలు తరచుగ చాకలి, మంగలి, మాదిగ ఇండ్లవారే. అర్ధరాత్రమున లాంతరు పట్టుకొని పోయి వారిని బ్రతిమాలి పిలుచుకొని వత్తుము. బిడ్డ తల వారి అరచేతిలోనే మొదట ఆనును. తెల్లవారిన పిమ్మట ఒక చేట బియ్యము, పాతచీర ఇచ్చి, వాకిటనుండియే పంపివేయుదుము. జననసూతకము, జాతిసూతకము రెండును ఆ గడపయొద్ద కలసికొని నిలుచుండును. ఊడ్చుట, వడకుట, నేల రాలిన బియ్యము ఏరుట కాయకములై, సత్యక్క, కదిరె రెమ్మవ్వ, ఆయ్దక్కి లక్కమ్మ వంటి శరణులు అనుభవమంటపమున గౌరవము పొందిన మతము మనది. ప్రాణమును పట్టుకొను చేయి కాయకము కాకపోవునా? అనంతపురము జిల్లాకు ఆనుకొనియున్న పావగడ తాలూకా కృష్ణాపురమునకు చెందిన సూలగిత్తి నరసమ్మగారు ప్రతిఫలము కోరక 15 వేలకు పైగా కాన్పులు చేసిరి. సూలగిత్తి యనగా కన్నడమున మంత్రసాని. 2018లో భారత ప్రభుత్వము ఆమెకు పద్మశ్రీ ఇచ్చినది. ఆ సంవత్సరము డిసెంబరులోనే ఆమె పరమపదించిరి. కాయకమునకు నిదర్శనము కావలెనన్నవారు ఆమె పేరు తలచుకొనవచ్చును.

నేడు కాన్పులు దాదాపు అన్నియు ఆస్పత్రులలోనే జరుగుచున్నవి. అది మేలే చేసినది. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2004-06 నాటి లెక్కలో లక్ష సజీవ జననములకు 154 మంది తల్లులు మరణించుచుండగా, 2018-20 నాటి లెక్కలో తెలంగాణమున 43, ఆంధ్రప్రదేశమున 45కు తగ్గినది. కాని ఆస్పత్రి మూడు దినములు, మహాయైన వారము దినములు చూచును. మిగిలిన నెల దినములు ఇల్లే చూడవలయును. ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ దినములలో ఇంటికి వచ్చి తల్లిని బిడ్డను చూడవలయునని నియమము కలదు. ఆమె వచ్చినపుడు గడపయందే నిలిపి మాటలాడి పంపకుడు. ఉద్యోగినులకు 1961లో ప్రసూతి సెలవు చట్టము వచ్చినది. 2017లో మొదటి ఇద్దరు బిడ్డలకు 12 వారముల సెలవును 26 వారములు చేసిరి. మా పాఠశాల ఉపాధ్యాయినికి ఆ సెలవు కలదు. ఆమె యింట పాచిపని చేయు స్త్రీకి లేదు. కందిచేనిలో కూలికి పోవు స్త్రీకి లేదు. ఆ 26 వారములలో ఆరు వారములైనను వారికి ఎవరిచ్చెదరు?

ఇచటనే మన దాసోహము పనికి రావలయును. భయము ఇచ్చిన విశ్రాంతిని మనము కాదంటిమి గనుక, దాసోహమిచ్చు విశ్రాంతిని చూపింపవలసిన ఋణము మనది. జంగమునకు పెట్టునదే దాసోహమని కొందరు తలంతురు. పాల్కురికి సోమనాథుని బసవపురాణమున బెజ్జమహాదేవి కథ చదివినవారు అట్లు తలంపజాలరు. శివునకు తల్లి లేదని, తల్లియే యున్నచో ఆయన విషము త్రాగుటకు, పాములు చుట్టుకొనుటకు ఒప్పుకొనునా యని ఆ భక్తురాలు వగచెను. తానే తల్లియై శివుని పసిబిడ్డను చేసికొని తలంటి, నీళ్ళు పోసి, కాటుక పెట్టి, పాలు పట్టి పెంచెను. పసిబిడ్డకు చేయు ఉపచారమే అచట పూజ. ఇక తల్లికి చేయు ఉపచారము మాటేమి? దానికి జవాబు తిరుచిరాపల్లి కొండపై కలదు. మనము ఇష్టలింగోపాసకులము; స్థావరలింగ క్షేత్రమహిమలు మనకు ప్రమాణములు కావు. అయినను ఆ కథ చెప్పకుండ నుండలేను. రత్నావతి యను వైశ్యస్త్రీకి నెలలు నిండినవి. పురుడు పోయవలసిన తల్లి కావేరికి వరద వచ్చి ఆవలి యొడ్డున చిక్కుకొనెను. శివుడు ఆ తల్లి రూపమున వచ్చి, కాన్పు చేసి, వరద తీయువరకు బాలింతకు ఉపచారములు చేయుచుండెను. నిజమైన తల్లి వచ్చి చూడగా ఇంట ఇద్దరు తల్లులు! అప్పటినుండి ఆ స్వామికి తాయుమానవర్, తల్లియు అయినవాడు, అని పేరు, సంస్కృతమున మాతృభూతేశ్వరుడు. పురిటిగదిలో దేవుడుండరాదని చెప్పువారికి ఆ గదిలో నడుము బిగించి పనిచేసిన దేవుడు కనబడుచున్నాడు. మగవానికి అచట పనియేమి యనువారికి కూడ.

మఠములు ఈ పని సులభముగ చేయగలవు. నిత్యదాసోహము జరుగు మఠమున, ఊరిలోని నిరుపేద బాలింతకు, ఆమె ఏ కులమునకు చెందినదైనను, 45 దినములు ఒక పూట వేడి అన్నము, పప్పు, నేయి, ఆకుకూర పంపుట భారము కాదు. కాయమునకు కావలసిన దినుసులు ఒక పొట్లము, ఒక శుభ్రమైన నూలుచీర, ఒక సబ్బు. గర్భలింగధారణము చేయించుటకు వచ్చిన దంపతులతో, అందును భర్తతో, స్వాములవారు ఒక్క మాట చెప్పవచ్చును: ప్రసవించిన నాటినుండి ఆరు వారములు బావి, పొయ్యి, చీపురు నీవి యని. గురువు నోట వచ్చిన మాట అత్తగారు కూడ విందురు. మా అవ్వకు ఎవరైన గురువు ఆనాడు చెప్పియుండిన, ఆమె తప్పక వినియుండెడిది. నేను చెప్పియుండినను వినెడిదేమో, నేను చెప్పలేదు.

గడచిన కార్తికమున మా కుమార్తె, నాడు పోతపాలు త్రాగి పెరిగిన ఆ బిడ్డయే, కాన్పునకు మా యింటికి వచ్చినది. ఆస్పత్రినుండి వచ్చిన నాటినుండి తెల్లవారుజామున నాలుగు గంటలకు లేచి నీళ్ళు కాచుట నా వంతు, పోయుట నా భార్య వంతు. కాయము దంచునపుడు నేను తుమ్మిన తుమ్ములకు ఇరుగుపొరుగు నవ్విరి. ఆమె మెడలోని లింగము మెడలోనే యున్నది. మంచముమీద కూర్చుండియే అరచేతిలో ఉంచుకొని పూజ చేసికొనెడిది, బిడ్డ ఒడిలో నిద్రించుచుండగా. నా భార్య దీనినంతయు చూచుచు ఏమియు అనలేదు. ఒకనాడు మాత్రము, చెంబు నా చేతికిచ్చుచు, "నీళ్ళు కాచుట బాగానే నేర్చినారు" అనినది. ఆ మాటను నేను పలుమారులు తలపోసికొంటిని.

నలుబది మూడవనాడు మా అమ్మాయి తానే లేచి పెరటిలోనికి వచ్చి, "అప్పా, రేపటినుంచి నా నీళ్ళు నేనే కాచుకుంటా. నాకు బాగానే ఉంది" అనినది. "ఇంకా రెండు దినాలు ఉన్నవమ్మా, పోయి పండుకో" అంటిని.